ఇక్కడ బ్రిడ్జి బిగించబడదు

శనివారం పొద్దున తొమ్మిదింటికే ఆ గిటార్ మళ్ళీ బల్ల మీదికి వచ్చి పడింది. వారంలో ఇది నాలుగోసారి. మేస్త్రీ దానివైపు చూసిన చూపుకి, కాళ్ళుంటే ఆ గిటార్ లేచి వీధిలోకి పరిగెత్తేది.

"మళ్ళీ తప్పిందా?" అన్నాడు.

"తప్పింది బావా. రెండో పాట దాటలేదు," అన్నాడు బావమరిది, స్టూలు మీద కూలబడుతూ.

మేస్త్రీకి అరవై దాటాయి. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం, మేడ మీద ఒంటి గదిలో భార్య తమ్ముడు. ముప్పై రెండేళ్ళుగా గిటార్లు బాగుచేస్తున్నాడు. చేసిన పని తిరిగి రాదని ఊళ్ళో పేరు. ఆ పేరుంటే ఇక తలపొగరు ఎక్కడికి పోతుంది? మేస్త్రీకి కావలసినంత ఉంది. కోపం ముక్కు మీదే కాపురముంటుంది. దుకాణంలోకి రాగానే ఎదురుగా గోడ మీద టేకు పలకొకటి కనబడుతుంది. దాని మీద తెల్ల రంగుతో ఆయనే స్వయంగా రాసుకున్న మాటలు: "ఇక్కడ బ్రిడ్జి బిగించబడదు."

ఆ పలక కథ తెలియాలంటే ముందు ఆ బ్రిడ్జి సంగతి చెప్పుకోవాలి. మామూలు గిటార్‌లో తీగల కింది కొసలు కదలని ముక్కకి కట్టి ఉంటాయి. ఈ రకం ఎలక్ట్రిక్ గిటార్‌లో అలా కాదు. తీగలు కట్టిన ఇనుప బ్రిడ్జి రెండు మరల మీద కత్తి అంచులతో ఆనుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. ఇటునుంచి ఆరు తీగలు లాగుతాయి, గిటార్ వీపులో ఉన్న గూట్లోంచి స్ప్రింగులు అటు లాగుతాయి. రెండు జట్లు తాడు పట్టుకుని సమానంగా గుంజుతుంటే మధ్య ముడి ఎలా నిలబడుతుందో అలా నిలబడాలది. బ్రిడ్జికి ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. దాన్ని నొక్కితే స్వరం కిందికి జారుతుంది, ఎత్తితే పైకి లేస్తుంది, ఊపితే మనిషి గొంతు బొంగురుపోయి ఏడ్చినట్టు ఏడుస్తుంది. వదిలేస్తే మళ్ళీ వెంట్రుకవాసి తేడా లేకుండా మొదటి చోటికి రావాలి. అలా రప్పించడమే మేస్త్రీ విద్య.

చాలామందికి అది చేతకాక బ్రిడ్జి వెనక చెక్కముక్క దూర్చి కదలకుండా బిగించేస్తారు. శ్రుతి తప్పదు, నిజమే. కానీ అది గిటార్ గొంతు నొక్కడమేనని మేస్త్రీ వాదన. ఎవరైనా వచ్చి "కొంచెం చెక్క పెట్టి బిగించండి" అన్నారో, ఆయన పలకవైపు వేలు చూపించి వీధి గుమ్మం వైపు దారి చూపించేవాడు.

అలాంటి మనిషి సొంత బావమరిది గిటారే శ్రుతి నిలవడం లేదు. అదీ ఆయనే దగ్గర కూర్చుని తయారుచేసిన గిటార్. పదకొండేళ్ళ కిందట.

పరువు సంగతి సరే, అసలు ముప్పు వేరే ఉంది. బావమరిదికి పెద్ద థియేటర్‌లో ఉద్యోగం. రంగస్థలం కింద గోతిలాంటి చోట పదకొండు మంది వాయిద్యగాళ్ళు కూర్చుంటారు, వాళ్ళలో ఒకడు. నాటకం మూడో అంకంలో ఎనిమిది వరుసల పాట ఉంటుంది, దాన్ని గిటార్ ఒంటరిగా ఏడ్చి వినిపించాలి. ఊళ్ళో వీడి ఏడుపుకి పేరు. నాలుగేళ్ళ కిందట భార్య పోయాక ఈ మనిషి ఏడు నెలలు మేడ మెట్లు దిగలేదు. అక్క కంచం పట్టుకెళ్తే, సాయంత్రానికి అదే కంచం అలాగే కిందికొచ్చేది. చివరికి బ్యాండ్ మాస్టరే వచ్చి గుమ్మంలో నిలబడి, "మీ కుర్చీ ఖాళీగా ఉంచాను" అన్నాడు. ఆ కుర్చీ కోసమే ఈ మనిషి మళ్ళీ మెట్లు దిగాడు. అదే బ్యాండ్ మాస్టర్ మొన్న గురువారం అందరి ముందూ తేల్చి చెప్పేశాడు: శనివారం ఐదింటి ఆట వరకే చూస్తాను, అప్పుడూ శ్రుతి తప్పితే సోమవారం నుంచి వేరే మనిషి వస్తాడు.

కుర్చీ పోతే వీడు మళ్ళీ మేడెక్కుతాడు. ఈసారి దిగడు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, భార్యకి తెలుసు, ఇద్దరూ ఆ మాట పైకి అనుకోలేదు.

"ఏడ్చినట్టే ఉంది," అన్నాడు మేస్త్రీ, గిటార్ బోర్లా తిప్పుతూ. "ఆ చొక్కా చెయ్యేంట్రా, జెండాలా ఊగుతోంది? గుండీ పెట్టుకోవడానికి కూడా మంచిరోజు చూడాలా?"

బావమరిది ఎడమ మణికట్టు దగ్గర గుండీ పెట్టకుండా వేలాడుతున్న చొక్కా చేతిని చటుక్కున మోచేతి దాకా లాక్కున్నాడు. "ఉక్కగా ఉంది బావా," అన్నాడు.

మేస్త్రీ పనిలో పడ్డాడు. పాత తీగలన్నీ తీసి పారేశాడు. మెడ చివర తీగలు కూర్చునే గాడుల్లో పెన్సిల్ ముల్లు రుద్దాడు, తీగ ఎక్కడా పట్టేసుకోకుండా. బ్రిడ్జి కత్తి అంచుల్ని భూతద్దం పెట్టి చూశాడు. గంటు లేదు, అరుగుదల లేదు. మరల మీద చుక్క నూనె వేశాడు. కొత్త తీగలు చుట్టి, ఒక్కొక్కదాన్ని వేళ్ళతో పైకి లాగి లాగి సాగదీశాడు. ఇక శ్రుతి. ఇక్కడే వస్తుంది అసలు తలనొప్పి. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి ఇటు వంగుతుంది, మిగతా ఐదూ వదులవుతాయి. వాటిని బిగిస్తే మొదటిది మళ్ళీ జారుతుంది. చుట్టూ తిరిగి, తిరిగి, ఆరోసారికి గానీ ఆరూ ఒక మాట మీదికి రావు. తర్వాత వెనక గూట్లో స్ప్రింగుల కొక్కెం మరలు పావు తిప్పు తిప్పి, మళ్ళీ మొదటినుంచి. పదకొండున్నరకి బ్రిడ్జి బల్లపరుపుగా నిలబడింది.

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. శ్రుతి వినేటప్పుడు ఆయనెప్పుడూ కళ్ళు తెరవడు. కన్ను చూస్తుంటే చెవి సోమరిపోతవుతుందని గట్టి నమ్మకం. కడ్డీ కిందికి నొక్కాడు, పైకి ఎత్తాడు, పిచ్చిగా ఊపాడు, వదిలేశాడు. ఆరు తీగలూ మీటాడు. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. శ్రుతి కొలిచే ట్యూనర్ పెట్టి చూస్తే ఆరింటికీ పచ్చ దీపమే.

"ఊ, వాయించు," అన్నాడు, కళ్ళు మూసుకునే.

బావమరిది మూడో అంకం పాట ఎత్తుకున్నాడు. మొదటి వరుస బాగుంది. రెండో వరుసా బాగుంది. మూడో వరుస దగ్గర మేస్త్రీ మొహం చింతకాయ కొరికినట్టయింది. నాలుగో వరుసకి పళ్ళు కరుచుకున్నాడు.

"ఆపు!"

గిటార్ లాక్కుని మీటి చూశాడు. ముత్యాలు. పచ్చ దీపాలు. ఆరింటికీ.

"నా చేతిలో నిలుస్తుంది, నీ చేతిలో తప్పుతుంది! దీనికి నీ మీద పగేంట్రా?"

"నాకేం తెలుసు బావా. ఇంకోసారి చూడు. స్ప్రింగేమో... మరలేమో..."

"అన్నీ చూశా! నాలుగుసార్లు చూశా! నా బొమికలు విప్పి చూడమంటావా ఇంకా?" మేస్త్రీకి తల ప్రాణం తోకకొచ్చింది. "బ్రిడ్జిలో ఏ లోపమూ లేదు. ఉంటే నీ చేతిలోనే ఉండాలి!"

కోపంలో నోరు జారిన మాట. అందులో అర్థమేమీ లేదు, విసుగు తప్ప. కానీ బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. లేచి గిటార్ తీసుకుని, మెడను ఎడం చేత్తో పట్టుకుని, మెట్లెక్కి పోయాడు. పైన తలుపు పడ్డ చప్పుడుకి దుకాణంలో వేలాడదీసిన గిటార్లన్నీ ఒక్కసారి జుమ్మన్నాయి.

"పో! అలక కూడానా, నలభై ఏడేళ్ళొచ్చి!" అని మెట్లవైపు అరిచాడు మేస్త్రీ. ఐదింటికి ఇంకా ఐదు గంటలు. ఏం చెయ్యాలో తెలియదు. తెలియకపోవడమనేది ఈ బల్ల దగ్గర ఆయనకి అలవాటు లేదు.

సరిగ్గా ఆ వేడిలోనే ఫోన్ మోగింది. బ్యాండ్ మాస్టర్.

"మేస్త్రీ గారూ, దాపరికం లేకుండా ఒక్క మాట చెప్పండి. తప్పు గిటార్‌దా, మనిషిదా? గిటార్‌దైతే ఇంకో వారం ఆగుతాను, వేరే గిటార్ తెప్పిస్తాను. మీ మాటే నాకు ప్రమాణం."

చూశారా, తలుపు ఎంత బార్లా తెరిచి పెట్టాడో. 'గిటార్‌దే' అని ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాటా రాలేదు మన మేస్త్రీ నోటి వెంట. పొద్దుటినుంచీ బల్ల మీద పడ్డ అవమానమంతా గొంతులోకొచ్చింది.

"నా పనిలో తప్పా? ముప్పై రెండేళ్ళలో ఒక్కడు వేలెత్తి చూపాడా? ఆ బ్రిడ్జి రాయిలా నిలబడుతుందండీ. ఎవరితోనైనా పరీక్ష చేయించుకోండి!"

"అయితే మనిషిదే అన్నమాట," అన్నాడు బ్యాండ్ మాస్టర్ మెల్లగా. "నాకూ అలాగే అనిపించింది. ఒక్క తీగ జారితే గిటార్ అనుకోవచ్చు. ఇక్కడ ఆరూ కలిసి పైకి పోతున్నాయి. సరే, సాయంత్రం చూస్తాను. చూడ్డానికేముంది గానీ."

ఫోన్ పెట్టేశాక గాని మేస్త్రీకి తానేం చేశాడో తెలిసి రాలేదు. వెనక్కి తిరిగితే లోపలి గది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతిలో తమ్ముడి నల్ల చొక్కా, ఇస్త్రీ వేడి ఇంకా ఆరలేదు.

"ఏమండీ, వాడి నెత్తిన బండేశారు కదండీ," అంది.

"నేనేమన్నానే? ఉన్నమాట..."

"మీ పేరు నిలబెట్టుకున్నారు. బాగానే నిలబడింది. వాణ్ణి నట్టేట్లో ముంచి."

ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. పెంచి ఉంటే మేస్త్రీ ఎదురు పోట్లాడేవాడు. స్టూలు మీద కూర్చుని రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. పైకి పోతున్నాయి అన్నాడా ఆయన? పైకా? ఇన్ని రోజులుగా తప్పుతోంది తప్పుతోంది అనడమే గాని, పైకా కిందికా అని ఎవరూ అనుకోలేదు. తీగ సాగితే కిందికి పోవాలి. స్ప్రింగు వదులైనా కిందికే. ఆరూ కలిసి పైకి పోవాలంటే ఎవరో బ్రిడ్జిని వెనకనుంచి అదిమి పట్టాలి. పట్టి, వదిలెయ్యాలి. అందుకే తన చేతికి రాగానే మళ్ళీ ముత్యాలు.

ఎవరు అదుముతారు?

భార్య చొక్కాని కుర్చీ వెనక తగిలిస్తోంది. కింద నుంచి మెడ దాకా గుండీలన్నీ పెట్టే ఉన్నాయి.

"ఇస్త్రీ చేసిన చొక్కాకి గుండీలెందుకు పెట్టావ్?" అన్నాడు.

"రెండు నెలలుగా అలాగే ఇమ్మంటున్నాడు. తల మీంచి తొడుక్కుంటాడు. టైము ఉండదక్కా అంటాడు. ఒట్టి బద్ధకమనుకున్నా." ఆవిడ చెయ్యి చొక్కా మీదే ఆగింది. "టీ కూడా ఎడం చేత్తోనే తాగుతున్నాడండీ ఈమధ్య. నేను... నేనేమీ అనుకోలేదు."

ఎడం చేతి గుండీ పెట్టాలంటే కుడి చెయ్యి కావాలి. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మేస్త్రీ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాడు.

పైన తలుపు ఓరగా ఉంది. లోపల పాట వినిపిస్తోంది, మూడో అంకం పాట, నాలుగో వరుస. పుల్లగా, పైకి పోయి. మేస్త్రీకి అలవాటుగా కళ్ళు మూతపడబోయాయి. బలవంతాన తెరుచుకుని చూశాడు.

పదకొండేళ్ళుగా ఎన్ని వందలసార్లు విన్నాడో ఈ వాయింపు. చూడటం ఇదే మొదలు. కుడి మణికట్టు గాలిలో లేదు. అరచెయ్యి మొత్తం, మోచేతి దాకా బరువంతా, బ్రిడ్జి వెనక అంచు మీద వాలిపోయి ఉంది. పరుగెత్తి పరుగెత్తి గోడకి జారగిలబడ్డ మనిషిలా ఉందా చెయ్యి. చెయ్యి వాలినప్పుడల్లా బ్రిడ్జి వెంట్రుకవాసి వెనక్కి ఒరుగుతోంది, ఆరు తీగలూ కలిసి పైకి పోతున్నాయి. వరుస మధ్యలో వేళ్ళ సందునుంచి మీటుబిళ్ళ జారి నేల మీద పడింది. బావమరిది దాన్ని తిట్టలేదు, ఉలిక్కిపడలేదు. వంగి ఎడం చేత్తో తీసి, కుడి వేళ్ళ మధ్య పెట్టి, ఎడం చేత్తోనే ఆ వేళ్ళు మూశాడు. ఎంతో అలవాటైన పనిలా చేశాడు.

మేస్త్రీ గుమ్మం పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళైందిరా?"

బావమరిది తలెత్తాడు. దొరికిపోయిన దొంగలా చూశాడు ముందు. తర్వాత మొహం మొత్తం కుంగిపోయింది.

"రెండు నెలలు బావా. ముందు బొటనవేలు. తర్వాత ఈ రెండూ. తిమ్మిరెక్కినట్టుంటుంది, దిగదు. ఎవరి చెయ్యో తెచ్చి నాకు తగిలించినట్టుంటుంది. పాట మొదలెట్టిన రెండు నిమిషాలకే బరువెక్కిపోతుంది. ఎక్కడో ఒకచోట ఆనించకపోతే నిలబడదు."

"డాక్టర్‌కి చూపించావా?"

"లేదు."

"ఎందుకు లేదు? బుద్ధుందా నీకు?"

"చూపిస్తే ఏదో పేరు చెబుతాడు. వాయించడం మానెయ్యమంటాడు. అప్పుడిది నిజమైపోతుంది బావా. బ్రిడ్జిలో ఉంటే బాగుణ్ణని రోజూ మొక్కుకున్నా. నువ్వు విప్పిన ప్రతిసారీ, ఇదిగో ఇక్కడుంది తప్పు అంటావని చూశా. నువ్వేమో లోపం లేదు, లోపం లేదు అంటావ్. నీ పని అంత బాగుండకపోతే ఏం పోయింది?"

మేస్త్రీ వెళ్ళి మంచం మీద పక్కన కూర్చున్నాడు. చెప్పకుండా దాచడం ఆయన వల్ల కాలేదు. "మీ మాస్టర్ ఫోన్ చేశాడు. గిటార్‌లో తప్పు లేదని చెప్పేశాను రా."

బావమరిది ఏడవలేదు. గిటార్‌ని మెల్లగా మంచం మీద పడుకోబెట్టి, "అయితే అయిపోయింది," అన్నాడు. భార్య పోయిన రోజు కూడా ఇదే గొంతుతో ఇదే మాట అన్నాడు.

"ఏమయ్యింది? ఏమీ అవలేదు! లే!" అని మేస్త్రీ వాడి చెయ్యి పట్టుకుని లేపాడు. పట్టుకున్నది కుడి చెయ్యి. ఆ వేళ్ళు తిరిగి పట్టుకోలేదు. "లేవరా అంటుంటే! ఐదింటి దాకా నా దగ్గర టైముంది. కిందికి నడు."

దుకాణంలో గిటార్‌ని బోర్లా వేసి వీపు మూత విప్పాడు. బ్రిడ్జి కింద వేలాడే ఇనుప దిమ్మకీ, స్ప్రింగుల వైపు గోడకీ మధ్య సందు కొలిచాడు. బ్రిడ్జి వెనక్కి ఒరిగితే ఆ దిమ్మ ఇటే రావాలి. రాకుండా అక్కడ గట్టి చెక్కముక్క పెడితే, చెయ్యి ఎంత బరువేసి ఆనించినా శ్రుతి పైకి పోదు. ఈ లెక్క ఆయనకి కొత్తగా తెలిసింది కాదు. ముప్పై రెండేళ్ళుగా అడిగిన ప్రతివాడికీ లేదు పొమ్మన్నది ఇదే.

చెక్కల పెట్టె తిరగేశాడు. అన్నీ మెత్తటి ముక్కలే, నొక్కితే గోరు దిగుతోంది. నిలవాలంటే టేకు కావాలి, ఏళ్ళ తరబడి ఆరినది కావాలి. తలెత్తి గోడవైపు చూశాడు. బావమరిది కూడా అటే చూశాడు.

"వద్దు బావా."

"నోర్ముయ్. ఆ స్క్రూడ్రైవర్ ఇటియ్యి."

పలక దించి, చివరనుంచి రెండంగుళాలు కోశాడు. 'బడదు' సగానికి తెగింది. రంపం పోటుకి తెల్ల రంగు పెచ్చులు బల్ల మీద రాలాయి. ముక్కని గరుకు కాగితం మీద రుద్దుతాడు, సందులో పెట్టి చూస్తాడు. ఎక్కువ. మళ్ళీ రుద్దుతాడు. ఇంకా ఎక్కువ. ఒకసారి ఎక్కువ రుద్దేసి, ముక్క వదులై, ఆయన నోటివెంట ఇక్కడ రాయకూడని మాటొకటి వచ్చింది. రెండో ముక్క కోశాడు. మూడున్నర అయింది. నాలుగైంది. భార్య ఒక మూల నిలబడి చూస్తోంది. నాలుగుంబావుకి ముక్క సందులో కూర్చుంది, బిగుతుగా, సుత్తి వెనకవైపుతో ఒక్క తట్టు తడితే. స్ప్రింగుల మరలు రెండేసి చుట్లు బిగించి దిమ్మని ఆ చెక్కకేసి అదిమి ఉంచాడు.

"ఇప్పుడు ఆనించు. నీ బరువంతా ఆనించు."

బావమరిది అరచెయ్యి ఆనించి మీటాడు. పచ్చ దీపం కదల్లేదు. కడ్డీ నొక్కాడు. స్వరం కిందికి వంగింది, వదిలితే తిరిగి వచ్చింది. పైకి ఎత్తబోతే రాలేదు.

"పైకి లేవదు," అన్నాడు. "ఏడుపు సగం పోయింది బావా."

"సగం ఉంది కదా. దాంతో ఏడు."

మీటుబిళ్ళకి రెండువైపులా సన్నటి గరుకు కాగితం అంటించి ఇచ్చాడు, వేళ్ళలోంచి జారకుండా. నల్ల చొక్కా తల మీంచి తొడిగాక, ఎడం చొక్కా చెయ్యి అలాగే వేలాడుతుండగా పరుగులాంటి నడకతో థియేటర్‌కి పోయారు.

ఆ సాయంత్రం మేస్త్రీ గోతి పక్క తలుపు దగ్గర గోడకి అతుక్కుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకోలేదు. మూడో అంకంలో అన్ని వాయిద్యాలూ ఆగి, గిటార్ ఒక్కటే మిగిలినప్పుడు ఆయన చూపంతా ఆ కుడి చేతి మీదే ఉంది. మొదటి వరుస. రెండు. మూడో వరుసలో చెయ్యి వాలింది. శ్రుతి నిలిచింది. ఐదు. ఆరు. ఏడో వరుసలో స్వరం పైకి లేచి ఏడవాల్సిన చోట వీడు కడ్డీ మీద చేతిని వాల్చేశాడు, ఆ చేతి బరువుకే స్వరం కిందికి జారింది, జారి జారి తిరిగి మొదటి చోటికి వచ్చింది. ఎప్పటి ఏడుపు కాదు. ఏడవడానికి ఇంక ఓపిక లేని మనిషి నిట్టూర్పులా ఉంది. పైన చీకట్లో ఎవరూ దగ్గలేదు, కుర్చీ కదల్లేదు.

మేస్త్రీ మొహం గోడవైపు తిప్పుకుని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక బ్యాండ్ మాస్టర్ వాయిద్యాలు సర్దుకుంటున్న అందరి మధ్యనుంచీ నేరుగా మేస్త్రీ దగ్గరికొచ్చాడు. "నిలిచింది," అన్నాడు. "ఏం చేశారు? పొద్దున తప్పు గిటార్‌లో లేదన్నారు కదా."

పదకొండు మంది వింటున్నారు. వాళ్ళలో సగం మంది వాయిద్యాలు ఆయన బల్ల మీద బాగుపడ్డవే.

"అబద్ధం చెప్పానండీ," అన్నాడు మేస్త్రీ. గొంతు స్పష్టంగానే వచ్చింది. "తప్పు నాదే. బ్రిడ్జి పెట్టడమే తప్పుగా పెట్టాను. నాలుగుసార్లు చూసీ కనిపెట్టలేకపోయాను, ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఈ రోజు చెక్క పెట్టి బిగించేశాను. వీడి చేతిలో ఏ తప్పూ లేదు."

"మీరు? చెక్క పెట్టారా?"

"పెట్టాను."

బావమరిది ముందుకొచ్చి నోరు తెరవబోయాడు. మేస్త్రీ వాడి పాదం మీద తన పాదం వేసి గట్టిగా తొక్కిపట్టాడు. బ్యాండ్ మాస్టర్ ఇద్దరివైపూ చూశాడు.

"కుర్చీ మీదేనండీ," అన్నాడు బావమరిదితో. తర్వాత మేస్త్రీవైపు తిరిగి, కొంచెం నొచ్చుకుంటూనే అన్నాడు: "మీరేమీ అనుకోకండి మేస్త్రీ గారూ. వయసు అందరికీ వస్తుంది. ఇకనుంచి మా వాయిద్యాలు ఇంకోచోట చూపించుకుంటాం."

"అలాగేనండి," అన్నాడు మేస్త్రీ.

వీధిలో ఇద్దరూ ఇంటివైపు నడుస్తున్నారు. గిటార్ పెట్టె మేస్త్రీ చేతిలో ఉంది. అడిగి తీసుకోలేదు, ఊరికే తీసుకున్నాడు.

"ఎందుకలా అన్నావు బావా? ముప్పై రెండేళ్ళ పేరు..."

"పేరుతో ఏం చేసుకుంటాను, మీ అక్కతో రోజూ తిట్లు తింటూ? నోరు మూసుకుని నడు." గిటార్ పెట్టె చెయ్యి మార్చుకుని అన్నాడు: "సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. నిజమైతే నిజమే అవనీ. ఒక్కడివే దాన్ని మోసుకు తిరగడం ఇంక కుదరదు."

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. వాళ్ళ మొహాలు చూసి పక్కకి తప్పుకుని దారిచ్చింది. దుకాణంలో బల్ల మీద కోసిన పలక అలాగే పడి ఉంది. బావమరిది స్టూలు మీద కూర్చున్నాడు. మెట్లవైపు ఒకసారి చూశాడు. మేడ మీదికి పోతాడనే అనుకున్నారు ఇద్దరూ. అతను లేవలేదు. మెడ దగ్గర మొదటి గుండీ మీద కుడి చెయ్యి పెట్టి, ఆ వేళ్ళతో తడిమి, తడిమి, ఆపేశాడు. రెండు నెలల్లో మొదటిసారి వాళ్ళిద్దరి ముందూ ఆ చేతిని దాచకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా," అన్నాడు, "ఈ గుండీలు తియ్యవా. నాకు రావట్లేదు."

మేస్త్రీ స్టూలు ముందు వంగి, మెడ దగ్గర గుండీతో మొదలుపెట్టాడు.